సగంలో తెగిన మాట

చిరాగ్‌పల్లి దాబా ముందు స్కూటీ ఆపి, ఫోనులో ఒక బొమ్మ చూసి, దిగడం కూడా మరిచిపోయిన గ్లోరీని పోయిన వారం మనం అక్కడే వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఆ బొమ్మలో ఉన్నది ఆమె ఊరి నర్సప్ప. నెత్తిన గొంగడి, ఒక చేతిలో కుండ, ఇంకో చేతిలో వేపకొమ్మ. ఆయన కళ్ళకు ఎవరో మహానుభావుడు నెత్తుటి రంగు పూశాడు. కింద ఇంత లావు పచ్చటి అక్షరాల్లో "బాణామతి పొలంలో నా మీద దాడి, సాయంత్రం ఆరింటికి" అని రాసి ఉంది. బాణామతి అంటే ఆ వైపు చేతబడి.

నర్సప్ప గొంగడి ఎందుకు కప్పుకున్నాడో, ఆ కుండలో ఏముందో న్యాల్‌కల్ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. మొన్న ఎల్లమాస. చలికాలంలో వచ్చే ఆ అమావాస్య నాడు జొన్నచేలో జొన్నదంట్లతోనే చిన్న పందిరి వేసి, అయిదు రాళ్ళకు సున్నం పూసి, పాండవులని పేరు పెట్టి మొక్కుతారు. ఇంటి పెద్ద గొంగడి కప్పుకుని, కుండలోని అంబలిని వేపకొమ్మతో చేను చుట్టూ చల్లుతూ గట్టిగా కేకలు వేస్తూ తిరుగుతాడు. చేను కూడా ఇంట్లో మనిషే కదా, దానికీ ఆ పూట అన్నం పెట్టాలి. ఆ తర్వాత కూరగాయలూ పప్పులూ కలిపి వండిన భజ్జి, సజ్జరొట్టెలు. దారిన పోయేవాడు ఎవడైనా సరే, తిననిదే కదలనివ్వరు. గ్లోరీ వాళ్ళది చర్చికి పోయే కుటుంబమే అయినా, ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ నర్సప్ప చేలో తినని ఎల్లమాస లేదు.

విష్ణువర్ధన్‌ను తీసుకుపోయి ఆ చేనునే చూపించింది. పెద్ద బైకు మీద హైదరాబాద్ నుంచి దిగి, ఊళ్ళ వెంట తిరుగుతూ సాహసయాత్రల వీడియోలు పెట్టే మనిషి ఆయన. బైకు నడిపేది ఆయన, ఆయన్ని పైనుంచి తీసేది గ్లోరీ. జహీరాబాద్‌లో పెళ్ళిళ్ళకూ చర్చి కూటాలకూ డ్రోన్ ఎగరేసే అమ్మాయి కదా, వెతుక్కుంటూ వచ్చి కుదుర్చుకున్నాడు. అరచేతిలో మడత పెట్టుకునేంత చిన్న డ్రోన్ అది. తెర మీద బైకును ఒకసారి చూపిస్తే చాలు, అది ఎటు పోతే అటు వెంటపడుతుంది.

"మన పండుగను జర నాలుగు దేశాలోళ్ళు చూస్తరు మామా" అని నర్సప్పను ఒప్పించింది గ్లోరీయే. ఆయన ఒక్కటే షరతు పెట్టాడు. బండి గట్టు మీదనే పోవాలె, చేన్లకు దిగొద్దు అన్నాడు. సరేనని గ్లోరీ మాట ఇచ్చింది. ఆ మాటకు పట్టిన గతి తలచుకుంటూనే స్కూటీకి స్టాండు వేసి దాబాలోకి నడిచింది.

విష్ణువర్ధన్ వెనక బల్ల దగ్గర కూర్చుని కోడికాలు పీకుతున్నాడు. కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లటి కట్టు ఉంది. నిన్నటి వీడియోలో ఆ చేతిని మెడకు వేలాడదీసుకుని, "పైకి లేపలేకపోతున్నాను ఫ్యామిలీ, మీ ప్రేయర్సే నాకు మందు" అని గొంతు వణికించాడు. ఇప్పుడు అదే చేత్తో తందూరీ రొట్టెను పర్రున చింపి, మసాలాలో అద్ది, నోట్లోకి తోస్తున్నాడు. కట్టు అంచుకు ఎర్రటి నూనె పట్టింది. దాన్ని కూడా ఒకసారి నాకాడు.

ఆయన పక్కన ల్యాప్‌టాప్ ముందేసుకుని ప్రేమ్ కుమార్ ఉన్నాడు. విష్ణువర్ధన్ వీడియోలను కోసి అతికించేది అతనే. హైదరాబాద్‌లో ఉంటున్నాడు గాని మొగుడంపల్లిలో పుట్టి పెరిగినవాడు. గ్లోరీని చూడగానే తల దించుకుని మౌసు కదిలించడం మొదలుపెట్టాడు.

"రా సిస్టర్, కరెక్ట్ టైమ్‌కి వచ్చావు. చికెన్ అదిరిపోయింది" అన్నాడు విష్ణువర్ధన్.

"నేను తిననీకి రాలే అన్నా. ఆ బొమ్మ తీసెయ్. ఆరింటికి ఆ వీడియో పెట్టకు."

"థంబ్‌నెయిలా? అది జస్ట్ క్లిక్ కోసం సిస్టర్. లోపల మేటర్ వేరే ఉంటుంది."

"ఏమున్నదో చూపెట్టు మరి."

విష్ణువర్ధన్ వేలు చప్పరిస్తూనే కళ్ళతో సైగ చేశాడు. ప్రేమ్ కుమార్ ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. దాబాలో గోలకు అందులోంచి శబ్దం సరిగా వినిపించడం లేదు, బొమ్మలు మాత్రం కదులుతున్నాయి.

మొదటి షాట్ గ్లోరీ తీసిందే. నిజం చెప్పొద్దూ, అందంగా ఉంది. అందంగా ఉన్నందుకే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నిలువెత్తు పెరిగిన జొన్నచేనులో బైకు నట్టనడుమ దూరి, నెత్తికి పాపిట తీసినట్టు చేనును రెండుగా చీల్చుకుంటూ పోతోంది. పాలుపట్టిన కంకులు అటూ ఇటూ పడిపోతున్నాయి. గట్టు మీదికి ఎక్కమని ఆ రోజు ఫోనులో ఎంత అరిచిందో. "ఒక్క టేక్ సిస్టర్, పైనుంచి సూపర్ వస్తుంది" అని హెల్మెట్‌లోంచి నవ్వాడు.

ఆ పాపిట చివర జొన్నదంట్ల పందిరి ఉంది. ఆ పందిట్లో నర్సప్ప భార్య నారమ్మ వంగి దీపం పెడుతోంది. ఎత్తుగా ఉన్న చేను వెనక నుంచి వచ్చేవాడికి పందిరి కనిపించదు. చేను అంచున అంబలి చల్లుతున్న నర్సప్పకు మాత్రం బండి ఎటు పోతోందో అర్థమైంది. కుండా కొమ్మా కింద పెట్టాలన్న ఆలోచన కూడా లేకుండా అట్లాగే పరిగెత్తి, వచ్చి బండికి అడ్డం నిలబడ్డాడు. విష్ణువర్ధన్ బ్రేకు తొక్కాడు, తడినేల మీద బండి జారింది, పక్కకు పడ్డాడు. జరిగింది అంతే. నర్సప్పే ఆయన మీది నుంచి బండిని ఎత్తి, బట్టలకు అంటిన మట్టి దులిపాడు. చేను పాడుచేసినందుకు ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. నారమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ల్యాప్‌టాప్‌లో నడుస్తున్న కథ వేరే. గొంగడి కప్పుకున్న మనిషి కేకలు పెడుతూ కొమ్మ ఊపుకుంటూ ఉరికి వస్తాడు. బండి పడిపోతుంది. ఆ మనిషి కిందపడ్డవాడి మీదికి వంగుతాడు, చేతులు ఎత్తుతాడు. అక్కడ తెర అంతా ఎర్రబడిపోతుంది. మట్టి దులపడానికి ఎత్తిన చేతులు అవి. వాటిని ఎత్తిన చోటే కోసేశారు.

"మా అత్త ఏది?" అంది గ్లోరీ.

"ఎవరు?"

"నారమ్మత్త. పందిట్ల ఉన్నది కద. నీ బండి ఆమె మీదికే పోయింది. పందిరి లేదు, ఆమె లేదు. ఏడికి పోయిన్రు అందరు?"

"స్టోరీకి అడ్డం వచ్చింది సిస్టర్, అందుకే లేపేశాం" అన్నాడు విష్ణువర్ధన్, ఎముకను పళ్ళెం అంచున పెడుతూ.

అడ్డం వచ్చిందట. ఆ అడ్డం వచ్చిన మనిషి చేతి రొట్టెను ఆ పొద్దున్నే కెమెరా ముందు మూడుసార్లు తిన్నాడు ఆయన. ముసలమ్మ చేత మూడుసార్లు పెట్టించుకుని, "అమ్మ చేతి ముద్ద ఫ్యామిలీ" అని కళ్ళు తుడుచుకున్నాడు. కెమెరా ఆపగానే ట్రాక్టరు వెనక్కి పోయి, నోట్లోది తుపుక్కున ఉమ్మి, సీసా నీళ్ళతో పుక్కిలించి, ఉమ్మిన చోట బూటుతో మట్టి కప్పాడు. పైన డ్రోన్ ఇంకా ఎగురుతోంది. గ్లోరీ అదంతా తెర మీద చూసింది. సరే, అలవాటు లేని తిండి, గొంతు దిగలేదేమో అని సర్దిచెప్పుకుంది అప్పుడు. ఆ సమయానికి నారమ్మ ఆయన కోసమే ఇంకో రొట్టె కొడుతోంది.

"అన్నా, నీకు ఎర్కలేదు" అంది గ్లోరీ. గొంతు అణచుకుని, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. "మా దిక్కు బాణామతి అంటే తమాషా కాదు. ఒక మనిషి మీద ఆ మాట పడ్డదంటే ఇగ పోదు. పొద్దుగాల పాలు పోసెటోళ్ళు పొయ్యరు. పిల్లలను ఆ వాకిట్లకు రానియ్యరు. ఎవలి బర్రె సచ్చినా, ఎవలి పిల్లకు జరమొచ్చినా ఆ ఇంటి దిక్కే చూస్తరు. ఒకనాడు మందేసుకొని మీదికొస్తరు. మా మామను సంపుతరు అన్నా. ఒట్టిగ అంటలేను."

"ఓవర్ ఆలోచిస్తున్నావు సిస్టర్. జనం ఇవాళ చూస్తారు, రేపు మర్చిపోతారు" అని విష్ణువర్ధన్ ఉల్లిపాయ ముక్క నోట్లో వేసుకున్నాడు.

ఆయనతో ఇక లాభం లేదనిపించి గ్లోరీ ప్రేమ్ కుమార్ వైపు తిరిగింది.

"ఆయనకు తెల్వదు ప్రేమూ. నీకు తెల్వదా? మీ తాత చల్లలేదా అంబలి? మీ పెద్దమ్మ శరణమ్మను అన్నరు కద గీ మాటనే. నువ్వే చెప్తివి నాకు."

చెప్పాడు మరి. డ్రోన్ ఎగరేసే జాగాలు చూడటానికి ఇద్దరూ న్యాల్‌కల్ వైపు తిరిగిన రోజున, టీ కొట్టు దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చెప్పాడు. ఊళ్ళో పిల్లలకు జ్వరాలు వస్తే ఎవరో శరణమ్మ పేరు ఎత్తారు. వాకిలి నిండా జనం చేరారు. తెల్లారేసరికి ఆమె మూట కట్టుకుని బీదర్‌లో చెల్లెలి ఇంటికి పోయింది. మళ్ళీ మొగుడంపల్లి ముఖం చూడలేదు. చనిపోతే శవాన్ని కూడా ఊరికి తేనివ్వలేదు.

ప్రేమ్ కుమార్ మౌసు మీద చెయ్యి తీశాడు.

"తెల్సు" అన్నాడు మెల్లగా. "తెల్సు గాబట్టే పెట్టిన. గా మాట చెవుల పడితే మనోళ్ళు ఏ పనున్నా ఇడిసిపెట్టి చూస్తరు. మా పెద్దమ్మ ఇంటి ముందట ఎంత మంది జమైన్రో నేను చూసిన గద. ఆరు నెలల సంది అన్న వీడియోలు ఎవ్వలు చూస్తలేరు గ్లోరీ. ఇది నడవకపోతే నన్ను ఇంటికి పొమ్మంటడు."

తెలియక తప్పు చేసినవాడిని తిట్టవచ్చు, బతిమాలవచ్చు, నాలుగు మాటలు చెప్పి మార్చవచ్చు. పెద్దమ్మను ఊరు దాటించిన మాటను దాచిపెట్టుకుని, అవసరానికి ఇంకొకరి మీద పారేసినవాడిని ఏం చేయాలి? ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తే ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టుంది.

"ఛీ" అంది.

అప్పటిదాకా తిండి మీద ఉన్న విష్ణువర్ధన్ తల ఎత్తాడు. ముఖం వెలిగిపోతోంది. "ఒరేయ్ ప్రేమ్, మీ పెద్దమ్మ స్టోరీ నాకెప్పుడూ చెప్పలేదేంట్రా. అదిరిపోయింది. ఆ ఇల్లు ఉందా ఇంకా? పార్ట్ టూ అక్కడ షూట్ చేద్దాం. నువ్వే ఏడుస్తూ చెప్పాలి, నేచురల్‌గా వస్తుంది."

ప్రేమ్ కుమార్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. కాదని మాత్రం అనలేదు.

ఇక అక్కడ కూర్చుంటే తన మీద కూడా ఆ మురికి పడుతుందేమోనన్నంత రోతగా అనిపించి గ్లోరీ లేచి నిలబడింది.

"నా మాట వినరు కద. సరే. డ్రోన్ల మెమరీ కార్డు మీరు తీస్కపోయిన్రు గని, డ్రోన్ ఎగిరేటప్పుడు నా ఫోన్ల కూడ ఒక కాపీ పడ్తది. జర మసకగుంటది, అయినా మొత్తం ఉన్నది. పందిరి, మా అత్త, నువ్వు చేన్లకు దిగుడు, మా మామ నిన్ను లేవట్టుడు, అంత ఉన్నది. నువ్వు ట్రాక్టరెనక రొట్టె ఊంచింది కూడ ఉన్నది. ఆరింటికి మీరు మీది పెట్టున్రి, నేను నాది పెడ్త."

విష్ణువర్ధన్ నమలడం ఆపాడు. ఆమె దాబాకు వచ్చాక ఆయన దవడ ఆగడం అదే మొదటిసారి. కాగితం రుమాలు తీసుకుని, పైకి లేవదన్న ఆ కట్టు చేత్తోనే మూతి తుడుచుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"పెట్టుకో సిస్టర్. ఆ పల్లెటూళ్ళో మాత్రం నిన్నెవరూ నమ్మరు."

"ఎందుకు నమ్మరు? నేను పుట్టిన ఊరది."

విష్ణువర్ధన్ ప్రేమ్ కుమార్ వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడంతే.

"గ్లోరీ, జర కూసో" అన్నాడు ప్రేమ్ కుమార్. "నీకొక ముచ్చట చెప్పాలె."

అతను చెప్పనవసరం లేకపోయింది. అవతలి బల్ల దగ్గర లారీ డ్రైవరు ఒకడు రొట్టె తింటూ ఫోను గ్లాసుకు ఆనించుకుని చూసుకుంటున్నాడు. ఏవో పాటలు, ఏవో నవ్వులు ఒకదాని వెనక ఒకటి తోసేస్తున్నాడు. ఉన్నట్టుండి ఆ ఫోనులోంచి డప్పు మోగింది. నర్సప్ప కేక వినిపించింది. దాని వెంటనే ఒక ఆడమనిషి గొంతు స్పష్టంగా, ఏ తొట్రుపాటూ లేకుండా పలికింది.

"గిది బాణామతి."

గ్లోరీకి ఆ గొంతును గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. అది ఆమె గొంతే.

లారీ డ్రైవరు దాన్ని వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాడు. "గిది బాణామతి" అని ఆమె మళ్ళీ అంది. ఎదురుగా ఉన్న క్లీనరుకు చూపించి, "న్యాల్‌కల్ కాడనంట, ఆ ఊరి పిల్లనే చెప్తుంది చూడు" అన్నాడు. క్లీనరు తినేది ఆపి ముందుకు వంగాడు.

ఎప్పుడు అంది ఆ మాట? గుర్తొచ్చింది. ఎల్లమాస పొద్దున గట్టు మీద నిలబడి ఉన్నప్పుడు, నర్సప్ప గొంగడి కప్పుకుని బయలుదేరుతుంటే, "ఇదేంటో మన ఫ్యామిలీకి చెప్పు సిస్టర్" అని విష్ణువర్ధన్ మైకు ఆమె దుప్పట్టాకు తగిలించాడు. డ్రోన్ ఎగరేస్తూనే ఆమె నవ్వుకుంటూ చెప్పింది, ఆ మాటలు ఆమె చేతిలోని ఫోనులో కూడా పడ్డాయి. "తెల్వనోళ్ళు చూస్తే గిది బాణామతి అనుకుంటరు. కాదు. చేనుకు అన్నం పెడ్తున్నడు మా మామ." తన ఊరి వాళ్ళతో వేళాకోళం ఆడినట్టే ఆడింది. ఆ మాట విని పక్కనే ఉన్న నర్సప్ప కూడా పకపకా నవ్వాడు.

ముందు ముక్క కోశారు. వెనక ముక్క కోశారు. నడుమ రెండు మాటలు మిగిల్చారు.

"ఎప్పుడు పెట్టిన్రు ఇది?" అంది ప్రేమ్ కుమార్‌తో.

"మధ్యాహ్నం. చిన్న ముక్కనే. ఆరింటి వీడియోకు జనం రావాలె గద."

"ఆల్రెడీ సూపర్‌గా వెళ్తోంది" అన్నాడు విష్ణువర్ధన్. "నీ వాయిస్‌కి మంచి ఫ్యూచర్ ఉంది సిస్టర్. ఒట్టు."

గ్లోరీకి నోట్లో నీళ్ళూరాయి, ఆకలికి కాదు. బల్ల అంచు పట్టుకుని ఆపుకుంది. ఇక్కడ వాంతి చేసుకుంటే దాన్ని కూడా తీసి పెడతారు వీళ్ళు అనుకుంది. బయటికి వచ్చి స్కూటీ దగ్గరికి చేరేలోగా చేతిలో ఫోను మోగింది. నారమ్మ.

"గ్లోరమ్మా, ఏడున్నవ్ బిడ్డా?"

ఆమె గొంతు వెనక పెద్ద గోల. చాలామంది ఒకేసారి అరుస్తున్నారు. వాళ్ళ మధ్యలో సన్నగా, మళ్ళీ మళ్ళీ అదే డప్పు, అదే రెండు మాటలు.

"చిరాగ్‌పల్లిల ఉన్న అత్తా. ఏమైంది?"

"మన వాకిట్ల మంది జమైన్రు. మొన్న దూడ సచ్చిపోయిన వీరేశు లేడా, వాడు ముందట ఉన్నడు. మీ మామను బయటికి రమ్మంటున్నరు. ఫోన్ల నీ గొంతు పెట్టి వినిపిస్తున్నరు. మీ మామ నమ్ముతలేడు బిడ్డా. అది మన గ్లోరీ గొంతు కాదు, ఎవలో గట్ల మాట్లాడిన్రు అంటుండు. నువ్వే చెప్పు. నువ్వు అన్నవా?"

కాదు అంటే సరిపోతుంది. నర్సప్ప ఎట్లాగూ ఆమెనే నమ్ముతాడు. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు ఎవరి గొంతునైనా పుట్టిస్తారని చెబితే ఊరు కూడా నమ్మవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. దాబా అద్దంలోంచి విష్ణువర్ధన్ ఇంకో కోడికాలు అందుకోవడం కనిపిస్తోంది. ఆయనా ఇట్లాగే ఒక ముక్క తీసేసి ఇంకో ముక్క అతికించాడు. ఆ పని తను చేయలేకపోయింది.

"నా గొంతే అత్తా" అంది. "నేనే అన్న. సగమే వినిపిస్తున్నరు, మిగిలిన సగం కోసిన్రు. అది నా ఫోన్ల ఉన్నది, అందరికి నేనే చూపెడ్త. ఇప్పుడే వస్తున్న. మామను బయటికి పోనియ్యకు. తలుపు తియ్యకున్రి."

"పోయిండు బిడ్డా" అంది నారమ్మ. "నేను ఆపినా ఆగలే. మనం దాసుకునేది ఏమున్నది, కండ్లార చూస్తే వాళ్ళకే సమజైతది, అంబలి వాళ్ళ ముందట్నే తాగి చూపెడ్త అన్నడు. గొంగడి కప్పుకొని, ఆ కుండా ఆ వేపకొమ్మా పట్టుకొని వాకిట్లకు పోయిండు."

గ్లోరీ స్కూటీ తాళం తిప్పబోయి ఆగింది. ఫోను కట్ కాలేదు, అందులో అంతసేపూ వినిపిస్తున్న వాకిలి గోల మాత్రం ఒక్కసారిగా ఆగిపోయింది.